పిచ్చుకకు పట్టిన మందు

పేరుకు పిచ్చుకే గానీ, ఆ ఒంగోలు ఎద్దు ఎదురుగా వచ్చి నిలబడితే వాకిలి మూసేసినట్టు ఉండేది. దూడగా ఉన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గెంతుతుంటే ఆ ఇంటి ఇల్లాలు సుబ్బరావమ్మ ముద్దుగా ఆ పేరు పెట్టింది. తర్వాత మూపురం పెరిగింది, కొమ్ములు తిరిగాయి, బండలాగుడు పోటీల పుణ్యమా అని దర్శి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది తెలిసిపోయింది. అయినా పేరు మాత్రం పిచ్చుకే. అలాంటి ఎద్దు ఆ కార్తీకమాసంలో మేత ముట్టకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ, కొట్టం గోడకు తల ఆనించి నెట్టడం మొదలుపెట్టింది. గోడ వదిలితే గుంజ చుట్టూ గుండ్రంగా తిరిగేది. తాడు చుట్టుకుపోయి మెడ బిగిసినా ఆగేది కాదు.

ఈ సంగతి దర్శి పశువుల డాక్టరు శ్రీకృష్ణ ఫోన్లో చెబుతుంటే గుంటూరులో ఫిజా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇద్దరూ కలిసి పశువైద్యం చదివారు. చదువయ్యాక అతను ఉద్యోగంలో చేరాడు, ఆమె పరిశోధనలోకి వెళ్ళింది.

"సర్రా జబ్బే ఫిజా. సూక్ష్మదర్శినిలో నా కళ్ళతో చూశాను, నెత్తుట్లో పురుగులు బిలబిల్లాడుతున్నాయి. మామూలు ఇంజెక్షన్ ఇచ్చాను, తగ్గింది. మళ్ళీ తిరగబెట్టింది. రెండో రకం ఇచ్చాను. మళ్ళీ అదే పాట. ఇక నా దగ్గర ఏమీ లేదు."

"పాలిచ్చే పశువు కాదుగా?"

"ఎద్దు అని చెబుతున్నాను కదే!"

"సరే సరే. రైతు ఒప్పుకుంటాడా?"

"ఆదెయ్య గారా? ఆ ఎద్దు కోసం ఏమైనా ఒప్పుకుంటాడు. ముందు నువ్వు రా."

ఫిజా అప్పుడే సంచీ వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న ఫోను అదే మరి.

సర్రా వానలు వెలిసిన తర్వాత వచ్చే జబ్బు. జోరీగలు ఒక పశువును కుట్టి, ఆ నెత్తురు అంటిన మూతితోనే ఇంకో పశువును కుడతాయి. దాంతో కంటికి కనబడని పురుగులు ఒంట్లోకి దిగి నెత్తుట్లో ఈదుతూ పెరుగుతాయి. వాటికి మందులు లేకపోలేదు. కానీ అవి పాతబడ్డాయి, అక్కడక్కడా పురుగులు వాటికి లొంగకుండా మొండికేస్తున్నాయి. ఫిజా చేతిలో ఉన్నది కొత్త దారి. దాదాపు ప్రతి జీవకణంలోనూ శక్తి తయారుచేసే చిన్న భాగం ఒకటి ఉంటుంది, దాన్నే మైటోకాండ్రియా అంటారు. మన కణానికి అలాంటివి వందలు ఉండొచ్చు. ఈ పురుగుకు ఉండేది ఒక్కటే, తల నుంచి తోక దాకా పొడుగ్గా సాగిన పోగు. ఆ ఒక్కదాన్ని ఆపితే పురుగు పని ఆఖరు.

ఆపడానికి మందు తెలుసు. దాన్ని లోపలికి పంపడమే తెలియలేదు. అందుకని ఆ మందుకు ఒక తోక తగిలించింది ఫిజా. మధ్యలో ధనావేశం ఉన్న ఫాస్ఫరస్, దాని చుట్టూ మూడు జిడ్డు వలయాలు. మైటోకాండ్రియా లోపల ఋణావేశం బలంగా ఉంటుంది కాబట్టి ధనావేశాన్ని లాక్కుంటుంది. మామూలుగా అయితే ఆవేశమున్న పదార్థం కొవ్వు పొరను దాటలేదు. ఇక్కడ చుట్టూ జిడ్డు ఉండటంతో జారిపోతుంది. చిలకలూరిపేటలో వాళ్ళ నాన్న గౌస్ బాషా జిన్నింగు మిల్లులో ఫిట్టరు. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఆయన ఇంటికొస్తే చొక్కాకీ గడ్డానికీ దూది అతుక్కుని ఉండేది, దులిపితే ఎగిరి మళ్ళీ వచ్చి అంటుకునేది. ఆవేశం అనే మాట బళ్ళో విన్నప్పుడల్లా ఫిజాకు ఆ దూదే కళ్ళముందు ఆడేది.

రెండేళ్ళ కిందట ఆ తోకకు మెరిసే రంగు కూడా ఒకటి కలిపి, పురుగులున్న నీటిచుక్కలో వేసి సూక్ష్మదర్శినిలో చూసింది. నల్లటి చీకట్లో ఒక్కో పురుగులోనూ ఒక్కో పచ్చటి దారం వెలిగింది. "పోయింది! లోపలికి పోయింది!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క గదిలోంచి ప్రొఫెసర్ బిందుమాధవి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ చాలాసేపు చూసి, "లోపలికి పోవడం వేరు, పని చెయ్యడం వేరు" అని మాత్రం అన్నారు. మెచ్చుకోవడం ఆవిడకు అలవాటు లేదు. తర్వాత ఎలుకల్లో పని చేసింది. ఆరోగ్యంగా ఉన్న కోడెలకు ఇచ్చి చూశారు, అవి తట్టుకున్నాయి. ఆపైన, ఉన్న మందులేవీ పని చెయ్యని పశువు దొరికితే, యజమాని ఒప్పుకుంటే ఇవ్వొచ్చని ఇలాంటి ప్రయోగాలను పరిశీలించే కమిటీ అనుమతి ఇచ్చింది. పాలలోకి మందు వస్తుందో రాదో ఇంకా తేలలేదు కాబట్టి పాడి పశువు వద్దన్నారు. అనుమతి వచ్చిందే గానీ అలాంటి పశువు ఎదురుపడలేదు. ఇప్పుడు పిచ్చుక వచ్చింది.

"వెళ్ళు" అన్నారు బిందుమాధవి. "కానీ ముందు దాని నెత్తుటినే గాజు గొట్టంలో పెట్టి మందు వేసి చూడు. ఆ పురుగులు చచ్చాయని కంటితో చూశాకే సూది. నాకు ఫోన్ చెయ్యకుండా మాత్రం ఇవ్వొద్దు."

ఆ సాయంత్రమే ఫిజా మందు సిద్ధం చేసింది. చిక్కటి మూలద్రావణం ఒక చిన్న గాజుసీసాలో ఉంది. అక్కడికి వెళ్ళాక తడుముకోవడం ఎందుకని, కొంత తీసి సెలైన్‌లో కలిపి, వాడకానికి తయారుగా ప్లాస్టిక్ గొట్టాల్లో పోసింది. అద్దంకి దాటాక రోడ్డు సంగతి ఆమెకు తెలుసు, గాజైతే పగిలిపోతుందని భయం. గాజుసీసాను మాత్రం గుడ్డలో చుట్టి ఐసు పెట్టె అడుగున పెట్టింది. తెల్లారగానే ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. చిలకలూరిపేట దగ్గర పత్తి బోరేల లారీలు బారులు తీరి బస్సు ఆగిపోతే, కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవరు మీద తనే కేకలేసింది. ఆమె కేకలకు లారీలు కదలవని తెలిసినా నోరు ఊరుకోలేదు.

శ్రీకృష్ణ దర్శి బస్టాండులో మోటారుసైకిలు మీద ఎదురుచూస్తున్నాడు. దారికి రెండువైపులా పత్తి విచ్చుకుని ఉంది, పక్క పొలాల్లో మిరప మోకాళ్ళెత్తుకు లేచింది. ఫిజా అవేమీ చూడలేదు. దారంతా అడుగుతూనే ఉంది. జ్వరం ఎంత? పొద్దున నీళ్ళు తాగిందా? కనుగుడ్డు తెల్లబడిందా? శ్రీకృష్ణ విసుక్కున్నాడు.

"పెళ్ళిచూపులకు కూడా ఇన్ని ప్రశ్నలు అడిగుండవు నువ్వు."

"పెళ్ళికొడుకుని నెత్తురు గుచ్చి చూడనిస్తారా ఏంటి? పోనియ్ బండి, తొందరగా!"

కొట్టం ముందు ఆదెయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎండకు మాడిన మనిషి, మాట గట్టి. డాక్టరమ్మ అంటే ఎవరో పెద్దావిడ వస్తుందనుకున్నాడేమో, ఐసు పెట్టె పట్టుకున్న ఈ అమ్మాయిని చూసి శ్రీకృష్ణ వైపు తిరిగాడు.

"ఈ పాపేనా?"

"ఈవిడే బాబాయ్. ఆ మందు కనిపెట్టింది ఈవిడే."

"నేనొక్కదాన్నే కాదండీ, మా మేడం గారూ మేమంతా కలిసి చేశాం" అంటూనే ఫిజా కొట్టంలోకి నడిచింది. పిచ్చుక గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాని మెడ మీద ఆమె చెయ్యి వేస్తే చర్మం కాలిపోతోంది. ఎద్దు ఒక్కసారి చెవి ఊపింది, అంతే.

"వాడు నన్ను కూడా గుర్తుపట్టట్లేదమ్మా" అన్నాడు ఆదెయ్య వెనకనుంచి.

చెవి దగ్గర నెత్తురు తీసి, అరుగు మీద బల్ల వేసుకుని, శ్రీకృష్ణ ఆసుపత్రి నుంచి తెచ్చిన సూక్ష్మదర్శినిలో చూశారు. ఎర్రకణాలు నాణేల్లా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య సన్నటి పురుగులు కొరడా ఝళిపించినట్టు మెలికలు తిరుగుతూ, అడ్డొచ్చిన కణాలను తోసుకుంటూ పోతున్నాయి.

"చూడండి బాబాయ్ గారూ."

ఆదెయ్య ఒక కన్ను మూసి చూశాడు. చూసి వెనక్కి తగ్గి, మళ్ళీ చూశాడు. "ఓరి నీ తల్లి కడుపు మాడా! ఇన్నా? వీటినా వాడు మోస్తోంది?"

"వీటినే. ఇప్పుడు మందు సంగతి చెబుతాను, వినండి. మీరు వద్దంటే ఇప్పుడే వెళ్ళిపోతాను. మిరపకాయలు కోశాక చెయ్యి మండితే ఉత్త నీళ్ళతో పోతుందా?"

"యాడ పోద్ది? నూనె రాసుకోవాల."

"కారం నూనెలో కలిసే సరుకు కాబట్టి. ఈ పురుగు ఒంటి చుట్టూ ఉండేదీ కొవ్వు పొరే. మా మందుకూ జిడ్డుంది, అందుకని ఆ పొరలోంచి దూరిపోతుంది. దూరాక పురుగు కడుపులో పొయ్యి లాంటిది ఒకటుంది. మందులో ఉన్న కరెంటును అది తనంతట తనే లాక్కుంటుంది. ఆ పొయ్యి ఆరిపోతే పురుగు చస్తుంది."

ఆదెయ్య కాసేపు ఆలోచించాడు. "మా పిచ్చుకకీ లోపల అట్టాంటి పొయ్యిలు ఉంటయ్ గదా? వాటి సంగతేంది?"

ఫిజాకు ఆ ప్రశ్న నచ్చింది. కమిటీలో పెద్దవాళ్ళు కూడా ముందు అడిగింది అదే.

"ఉంటాయండీ. మందు వాటిలోకీ పోతుంది, అబద్ధం చెప్పను. కానీ ఈ మందు పట్టుకుని ఆపే భాగం పురుగు పొయ్యిలోనే ఉంది, పశువుకు లేదు. అందుకే మోతాదు సరిగ్గా ఉంటే పశువు తట్టుకుంటుంది. మోతాదు ఎక్కువైతే గుండెకు కష్టం. ఆరోగ్యంగా ఉన్న కోడెలు తట్టుకున్నాయి. జబ్బు పడ్డ ఎద్దుకు ఇవ్వడం ఇదే మొదటిసారి. ఏమవుతుందో నేను పూచీ పడలేను."

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్న ఆదెయ్య భార్య సుబ్బరావమ్మ ముందుకొచ్చింది. "ఇయ్యకపోతే ఏమవుద్దమ్మా?"

శ్రీకృష్ణ తల వంచుకున్నాడు.

"అయితే ఇయ్యండి" అంది ఆమె.

రెండు గాజు గొట్టాల్లో పిచ్చుక నెత్తురు పోశారు. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త సెలైన్. నెత్తురు చల్లారకుండా సుబ్బరావమ్మ ఇచ్చిన గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో రెండూ నిలబెట్టారు. కొంచెం సేపటికి మందు వేసిన దాంట్లోంచి ఒక చుక్క తీసి చూసింది ఫిజా. పురుగులు ఈదుతున్నాయి. ఇంకా టైం పడుతుందిలే అనుకుంది. మళ్ళీ చూసింది. ఈదుతున్నాయి. నీళ్ళు చల్లారితే మార్చారు. మళ్ళీ చూసింది. రెండు గొట్టాల్లోనూ ఏమీ తేడా లేదు. రెండింటిలోనూ అవే మెలికలు, అదే హుషారు.

ప్రయోగశాలలో ఇంతసేపటికి ఒక్కటి కూడా కదిలేది కాదు.

"ఇది కొత్త రకం పురుగేమో" అన్నాడు శ్రీకృష్ణ మెల్లగా. "దీనికి మన మందు కూడా పని చెయ్యదేమో."

"ఏమో."

"ముందు అన్నం తినండి" అని సుబ్బరావమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. ఫిజాకు ఆకలి లేదు. అయినా పెద్దావిడ మాట కాదనలేక కంచం ముందు కూర్చుంది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ డబ్బాలోంచి ఆవకాయ వడ్డిస్తోంది సుబ్బరావమ్మ. డబ్బా లోపలంతా ఎర్రగా నారింజరంగు పట్టి ఉంది.

"ఈ మరక పోదా పిన్నిగారూ?" అని ఏదో ఒక మాటగా అడిగింది ఫిజా.

"ఎంత తోమినా పోదమ్మా. గాజు జాడీ అయితే కడిగితే అద్దంలా వస్తది. ఈ ప్లాస్టిక్కు ఉంది చూశా, నూనెంతా తాగేసిద్ది."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఫిజా డబ్బా వైపు చూసింది. తర్వాత గుమ్మంలోంచి అరుగు మీద ఉన్న ప్లాస్టిక్ గొట్టాల వైపు చూసింది. కంచం ముందు నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఒరేయ్ శ్రీకృష్ణా! మందు గొట్టంలో లేదురా!"

"ఏంటీ?"

"ప్లాస్టిక్కుకి అతుక్కుపోయింది! జిడ్డున్న మందు. పల్చగా కలిపి రాత్రంతా ప్లాస్టిక్కులో ఉంచాను. దాదాపు అంతా గోడలకే అంటుకుపోయుంటుంది. మనం నెత్తుట్లో పోసింది వట్టి ఉప్పునీళ్ళు! ఎప్పుడూ గాజులోనే కలుపుతాం, ఇవాళే, ఇవాళే నేను..." అంటూ నుదురు కొట్టుకుంది. కానీ ముఖంలో మాత్రం వెలుగు. పొద్దున మిరపకాయల సంగతి ఆదెయ్యకు చెప్పింది తనే. జిడ్డు సరుకు దేనికి అంటుకుంటుందో ఆయనకు పాఠం చెప్పి, తన గొట్టాల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయింది. తిట్టుకోవడానికి కూడా తీరిక లేదు.

ఐసు పెట్టె అడుగున గుడ్డ విప్పితే గాజుసీసా భద్రంగా ఉంది. శ్రీకృష్ణ మోటారుసైకిలు మీద దర్శి వెళ్ళి, ఆసుపత్రి బీరువాలో మూలపడి ఉన్న గాజు సిరంజీలూ ఇంకొన్ని గాజు గొట్టాలూ తెచ్చాడు. వాటిని మరిగే నీళ్ళలో వేశారు. ఫిజా అరుగు మీద కూర్చుని అప్పటికప్పుడు మందు కలిపింది. కొత్తగా నెత్తురు తీశారు, మళ్ళీ రెండు గొట్టాలు, మళ్ళీ వెచ్చని నీళ్ళు. ఈసారి ఆదెయ్య గిన్నె పక్కనే గొంతుక్కూర్చున్నాడు, నీళ్ళలో వేలు ముంచి చూస్తూ.

మొదటి చుక్కను ఫిజా రెండుసార్లు చూసింది. పురుగులు కదులుతున్నాయి, కానీ తోసుకుంటూ పోవడం లేదు. ఉన్నచోటే కొట్టుకుంటున్నాయి. సాయంకాలపు ఎండ అరుగు మీదికి పాకేసరికి రెండో చుక్క చూసింది. ఒక మూల చిన్నగా వణుకుతున్న పురుగు ఒక్కటి. మిగతావి కదలడం లేదు. చుట్టూ ఎర్రకణాలు మాత్రం గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. వెంటనే మందు వెయ్యని గొట్టంలోంచి చుక్క పెట్టి చూసింది. అక్కడ పురుగులు ఎప్పట్లాగే బిలబిల్లాడుతున్నాయి.

"చచ్చాయి!" అంది. "శ్రీకృష్ణా, చూడు. చచ్చాయి!"

శ్రీకృష్ణ చూశాడు. చూసి ఆమె భుజం మీద ఒక్కటి చరిచాడు. ఆదెయ్య ఇద్దర్నీ పక్కకు నెట్టి తను కన్ను పెట్టాడు. "ఏయ్, సుబ్బులూ! రా, ఇటు రా! వీటి పొయ్యి ఆరిపోయిందే!" అని ఆయన పెట్టిన కేకకు వీధిలో పోయే ట్రాక్టరు ఆగింది. అరుగు ముందు జనం పోగయ్యారు. అందరూ వరసగా చూడాలన్నారు. ఫిజా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కరికీ చూపించింది.

ఫోన్‌లో బిందుమాధవి మాత్రం నవ్వలేదు. "ఎద్దు బరువు ఎంతేశారు? గుండె కొట్టుకోవడం ఎలా ఉంది? పక్క గొట్టంలో పురుగులు బతికే ఉన్నాయా?" అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అన్నీ విని, సూక్ష్మదర్శినికి ఫోన్ ఆనించి ఫిజా తీసి పంపిన వీడియో తెరిచారు. "వీడియో చూశాను. ఎర్రకణాలు బాగున్నాయి. ఇవాళ చీకటి పడుతోంది, చీకట్లో సూదులు వద్దు. రేపు పొద్దున వెలుగులో ఇవ్వు. గాజు సిరంజీతోనే. చాలా నిదానంగా. గుండె తేడా కొడితే ఆపెయ్." ఫోను పెట్టేయబోతూ, "ప్లాస్టిక్ సంగతి పట్టుకున్నావు, బాగుంది" అన్నారు. ఫిజా ఆ మాటను శ్రీకృష్ణతో చెప్పి, మళ్ళీ చెప్పింది, నిజంగా అలా అన్నారా లేదా అని తనకే అనుమానం వచ్చి ఇంకోసారి చెప్పింది.

మర్నాడు పొద్దున పిచ్చుక మెడ దగ్గర నరం దొరకబుచ్చుకుని, శ్రీకృష్ణ ఎద్దు గుండె మీద స్టెతస్కోపు పెట్టి ఉండగా ఫిజా మందు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆదెయ్య ఎద్దు ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చెవిలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. సగం మందు వెళ్ళేసరికి పిచ్చుక ఒళ్ళంతా జలదరించింది. కాళ్ళు వణికాయి. ముందు మోకాళ్ళు మడిచి, ఆ పెద్ద శరీరం ధబ్బున గడ్డి మీద కూలబడింది.

"పిచ్చుకా!" అని అరిచాడు ఆదెయ్య.

ఫిజా సిరంజీ అక్కడే ఆపింది. "గుండె?"

"వేగంగా ఉంది" అన్నాడు శ్రీకృష్ణ. "వేగంగా... ఉండు... క్రమం తప్పలేదు. కొట్టుకుంటోంది. ఉండు."

సుబ్బరావమ్మ తడిగుడ్డ తెచ్చి ఎద్దు నుదుటి మీద వేసింది. పిచ్చుక బుసలు కొడుతూ పడుకుని ఉంది. "తగ్గుతోంది" అన్నాడు శ్రీకృష్ణ కొంతసేపటికి. ఇంకొంతసేపటికి, "మామూలుకొచ్చింది. ఏం చేద్దాం?"

ఫిజా ఆదెయ్య వైపు చూసింది. ఆయన చూపులో భయం ఉంది, వద్దనే మాట మాత్రం లేదు. "మీరే చెప్పండి అమ్మా" అన్నాడు. ఆమె బిందుమాధవికి ఫోన్ చేసింది. ఆవిడ రెండు మాటల్లో చెప్పారు. మిగతాది ఇంకా మెల్లగా ఇవ్వమన్నారు. ఫిజా ఆ మిగిలిన సగాన్ని చుక్క చుక్కగా ఎక్కించింది. మెడ నొప్పి పుట్టినా తల తిప్పలేదు. చివరి చుక్క లోపలికి వెళ్ళాక గాజు సిరంజీ తీసి పక్కన పెట్టి, గడ్డిలోనే కూలబడి ఎద్దు డొక్కకు వీపు ఆనించింది. దాని ఊపిరికి ఆమె కూడా లేస్తూ పడుతూ ఉంది.

ఆ పొద్దంతా పిచ్చుక పడుకునే ఉంది. ఎండ వాలే వేళకు ముందు కాళ్ళు కూడదీసుకుని, ఒకసారి పడి, రెండోసారి లేచి నిలబడింది. నిలబడి గోడ వైపు పోలేదు. కుడితి తొట్టి దగ్గరికి నడిచి మూతి ముంచింది. ఆ తాగే చప్పుడు వింటూ ఆదెయ్య కొట్టం గుంజను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మరుసటి పొద్దున చెవి నెత్తురు తీసి చూస్తే పురుగు కనబడలేదు. స్లైడు మార్చి చూశారు. శ్రీకృష్ణ చూశాడు, ఫిజా చూసింది, మళ్ళీ శ్రీకృష్ణ చూశాడు. ఎర్రకణాలు, అంతే. ఫిజా అరుగు మీదినుంచి వాకిట్లోకి దూకి గాల్లోకి చేతులెత్తి గిర్రున తిరిగింది. వెంటనే సిగ్గుపడి చున్నీ సర్దుకుంది. సుబ్బరావమ్మ నవ్వి, "తిరుగమ్మా, తిరుగు. నిన్నటిదాకా మా ఎద్దు తిరిగింది, ఇయాళ నువ్వు తిరుగు" అంది.

బిందుమాధవి మాత్రం తొందరపడొద్దన్నారు. ఈ పురుగులు దాక్కుని మళ్ళీ వస్తాయి. ఒక ఎద్దు కోలుకుంటే ఒక ఎద్దు కోలుకున్నట్టే, మందు గెలిచినట్టు కాదు అన్నారు. అందుకే ఫిజా దర్శికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ప్రతిసారీ నెత్తురు గాజు గొట్టంలోనే తెచ్చింది. ప్రయోగశాలలో ఇంకా గట్టి పరీక్షలు చేశారు. పిచ్చుక నెత్తురు ఎక్కించిన ఎలుకల్లో కూడా జబ్బు రాలేదు. ఈలోగా ఇంకో ఊళ్ళో ఒక దున్నకు ఇచ్చారు. దానికీ తగ్గింది. మూడోదానికి మొదట తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఆ ఓటమి ఎందుకని ఫిజా ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. ఆ మాట అడిగితే ఆమె దిగులుపడదు. కళ్ళు పెద్దవి చేసి, ఏ పొరలో ఏం మారి ఉంటుందో గంటసేపు చెబుతుంది.

మాఘమాసంలో, మిరపకాయలు కోసి కల్లాల్లో ఆరబోసే రోజుల్లో, ఆఖరుసారి నెత్తురు తియ్యడానికి ఫిజా ఆదెయ్య ఇంటికి వెళ్ళింది. వీధి చివర కల్లమంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉంది. పిచ్చుక ఒంటి మీద మళ్ళీ మెరుపు వచ్చింది, గంగడోలు నిండింది. శ్రీకృష్ణ సూది తీసుకుని చెవి దగ్గరికి వచ్చాడో లేదో ఎద్దు తల విదిల్చింది. అతని రెండో చేతిలోని తాడు ఊడిపోయింది.

"పట్టుకోరా శ్రీకృష్ణా!" అని ఫిజా అరిచింది.

ఎవరు పట్టుకుంటారు దాన్ని! పిచ్చుక తోక పైకెత్తి వాకిట్లోంచి వీధిలోకి, వీధిలోంచి తిన్నగా కల్లంలోకి దూకింది. ఎండుమిరపకాయలు గిట్టల కింద పటపటా చిట్లి ఎర్రటి దుమ్ము లేచింది. ఆ ఘాటుకు ఎద్దు తుమ్మింది. తుమ్ముకు తనే అదిరిపడి ఇంకో గెంతు గెంతింది. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తిడుతూ, నవ్వుతూ పక్కకు పరిగెత్తారు.

"నా కాయలు! నా కాయలన్నీ తొక్కేస్తోంది! ఒరేయ్ పిచ్చుకా, నీ కాళ్ళిరగ్గొడతాను ఉండు!" అని సుబ్బరావమ్మ చీపురు పట్టుకుని వెంటపడింది.

ఆదెయ్య మాత్రం వెంటపడలేదు. వీధి మధ్యలో నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తుమ్ములు ఆపుకోలేక, నవ్వు ఆపుకోలేక, "తొక్కనియ్యవే, తొక్కనియ్యి! చూడు వాడి దూకుడు! చూశారా డాక్టరమ్మా!" అని ఊరంతా వినబడేలా అరుస్తున్నాడు. ఫిజా అప్పటికే చెప్పులు వదిలేసి, తుమ్ముతూ, ఎర్ర దుమ్ములో ఎద్దు వెనకాల పరిగెత్తుతోంది.